లొరేన్ చీటీ రాయని బుధవారం

మంగళవారం మధ్యాహ్నం కామిక్స్ దుకాణానికి కొత్త పుస్తకాల పెట్టెలు వచ్చాయి. లొరేన్ వోజ్నియాక్ టేపు కోసి, మిగతావన్నీ పక్కకు నెట్టి, ‘తుప్పు ముఠా’ కొత్త సంపుటం తీసుకుని కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుంది. చదవడం అయ్యేసరికి కాఫీ చల్లారిపోయింది. తానే ఏదో పేజీ దాటేసిందేమోనని మళ్ళీ మొదటినుంచి చదివింది. దాటలేదు. పుస్తకం బాగాలేదు, అంతే.

బాగాలేని కామిక్స్ వారానికి పది వస్తాయి. వాటి సంగతి తేల్చడానికే ఆమె చీటీలున్నాయి. ఆ చీటీల మహిమ మా ఈరీ ఊళ్ళో బొమ్మల పుస్తకం పట్టే ప్రతివాడికీ తెలుసు.

భర్త స్టాన్ గుండె ఆగి పోయినప్పుడు లొరేన్‌కు ముప్పై నాలుగేళ్ళు. రైలింజన్ల కర్మాగారం క్యాంటీన్లో సూపు వడ్డించేది. దుకాణం స్టాన్ పిచ్చి. ఆమె అందులో ఒక్క పుస్తకం తెరిచి ఎరగదు. అమ్మేయమని అన్నదమ్ములు ప్రాణం తీశారు. “అమ్మేదేమిటో చదివి చూసి చెప్తా” అని చేతికందిన కట్ట తీసింది. అది తుప్పు ముఠా. అందులో ఆరుగురు దుర్మార్గులు. గాజు దొర నాయకుడు, నత్త అనే లావుపాటి దొంగ అందరికన్నా నిదానం. ప్రతి కథలోనూ ఓడిపోతారు. చేతకాక కాదు. పారిపోవడానికి దారి తెరిచే ఉంటుంది. కాని ఎవరో ఒకరు వెనకబడతారు, తక్కినవాళ్ళు తిట్టుకుంటూ వాళ్ళ కోసం వెనక్కి వస్తారు, అందరూ కలిసి జైలుకు పోతారు. ఆ చలికాలం లొరేన్ నలభై సంచికలు చదివింది. వసంతం వచ్చేసరికి దుకాణం అమ్మనని చెప్పేసింది.

అప్పట్లో “ఇదెలా ఉంది?” అని ఎవరైనా అడిగితే ఆమెకు నోట మాట పెగిలేది కాదు. అందుకని తన అభిప్రాయం చిన్న చీటీ మీద రాసి పుస్తకం కింద తగిలించేది. ఆ అలవాటు ముదిరి చట్టమైంది. కొత్త పుస్తకాలు బయటికొచ్చేది బుధవారం. ఆ పొద్దున తలుపు తెరిచేసరికి ప్రతిదాని కిందా చీటీ ఉండాల్సిందే. ప్రచురణకర్తల మనుషులు వచ్చి బతిమాలినా ఒక్క అక్షరం మార్చేది కాదు. మినహాయింపు ఒక్క అరకే. ఊళ్ళోవాళ్ళు ఇంట్లో గీసుకుని, తామే పిన్నులు కొట్టి తెచ్చే పుస్తకాల అర అది. నేర్చుకుంటున్నవాళ్ళను తూచకూడదని ఆమె పట్టుదల.

ఇప్పుడీ సంపుటం రాసిన డెస్మండ్ హ్యాచ్ తన ఇరవై ఏళ్ళ వయసులో ఆ పిన్నుల అరలోంచే వచ్చాడు. ఏడాది తిరిగాక ఒకరోజు వచ్చి, నాకూ చీటీ కావాలని అడిగి మరీ రాయించుకున్నాడు. “బొమ్మలు బాగున్నాయి. కథ ఇంకా పుట్టలేదు” అని రాసింది మహాతల్లి. అతను నెల రోజులు మొహం చూపించలేదు. ఆ తర్వాత కథతో వచ్చాడు. లొరేన్‌కు పిల్లల్లేరు. డెస్మండ్ తన కొడుకులాంటివాడని ఆమె ఎవరితోనూ అనలేదుగాని, అతను న్యూయార్కు బస్సెక్కిన రోజు మధ్యాహ్నం దాకా దుకాణం తెరవలేదు. పదిహేనేళ్ళు అవీ ఇవీ రాసి, చివరికి తుప్పు ముఠాను రాసే పనే చేతికి తెచ్చుకున్నాడు. శనివారం వచ్చి ఇక్కడే సంతకాలు చేస్తానన్నాడు.

ఈ సంపుటంలో అతను చేసిన నిర్వాకం ఏమిటంటే, నత్తను కూలిన గోడ కింద వదిలేసి ఐదుగురూ వెళ్ళిపోతారు. గెలుస్తారు కూడా. ఆఖరి పేజీలో మేయరు వాళ్ళ మెడల్లో పతకాలు వేస్తాడు.

లొరేన్ మూడు చీటీలు రాసి మూడూ చింపేసింది. నిజం రాస్తే డెస్మండ్ శనివారం వచ్చి అందరి ముందూ అది చదవాలి. అబద్ధం రాస్తే ముప్పై ఏళ్ళ మాట గంగలో కలుస్తుంది. చివరికి పుస్తకాన్ని చీటీ లేకుండానే అరలో పెట్టింది.

ప్రతి బుధవారం తలుపు తీయగానే అందరికన్నా ముందు లోపలికి వచ్చేది మార్వ్ పెట్టినాటో. పోస్టుమ్యాన్‌గా రిటైరయ్యాడు గాని, ఆరాలు తీయడం మానలేదు.

“చీటీ ఏదీ?” అన్నాడు.

“రాయలేదు.”

“పెన్నులో సిరా అయిపోయిందా? నా దగ్గరుంది, ఇమ్మంటావా?”

“మార్వ్, కొంటే కొను. లేకపోతే పక్కకి జరుగు.”

“అబ్బో, అంత ఘోరంగా ఉందన్నమాట. మన డెస్ కాబట్టి నోరు కుట్టేసుకున్నావు. ఇంకోడైతే ఉతికి ఆరేసేదానివి.”

లొరేన్ ఒక కాపీ తీసి అతని చేతిలో పెట్టింది. చీటీ లేని సంగతి సాయంత్రానికి ఊరంతా పాకింది.

శనివారం కరిగిన మంచు నీళ్ళలో, దుకాణం బయట పేవ్‌మెంటు పొడుగునా మనుషులు బారులు తీరారు. డెస్మండ్ వెనక తలుపునుంచి వచ్చి, లొరేన్‌ను గట్టిగా కావలించుకున్నాడు. అతని కోసం తెప్పించిన, పిండిలో మసాలా మాంసం కూరిన పెపరోని ఉండ ఒకటి నోట్లో వేసుకుని, నేరుగా కొత్త పుస్తకాల దగ్గరికి నడిచాడు. అక్కడి చీటీలన్నీ వరసగా చూశాడు.

“మిసెస్ వోజ్నియాక్, చీటీ లేదేంటి?”

“తీరిక చిక్కలేదు నాయనా.”

“అన్నిటికీ ఉంది. ఆ పిల్లుల పుస్తకానికి కూడా రాశారు.”

ఆమె గల్లాపెట్టె సర్దుతున్నట్టు నటించింది.

“నన్ను మళ్ళీ పిన్నుల అరలో పెట్టేశారా?” అన్నాడు డెస్మండ్. గొంతు పెంచలేదు.

లొరేన్‌కు చెంప మీద కొట్టినట్టయింది. మూడు రోజులుగా తాను దయ చూపిస్తున్నాననుకుంది. అది దయ కాదని, పెద్దవాడైన మనిషిని చిన్నబుచ్చడమని అప్పుడు తెలిసింది. ఆమెకు సిగ్గేసింది.

“బాగాలేదురా డెస్.”

“తెలుసు.”

“తెలిసే నత్తని అలా వదిలేశావా?”

“ప్రచురణవాళ్ళు మూడుసార్లు తిరగరాయించారు. నాలుగోసారి ఒప్పేసుకున్నా. కాదంటే తుప్పు ముఠాని లాగేసుకుని ఇంకోడికి ఇచ్చేస్తారేమోనని భయమేసింది. రాస్తున్నంతసేపూ మీరేం రాస్తారో అనే అనుకున్నా. తిడతారనుకున్నా గానీ, అసలు రాయరనుకోలేదు.”

ఆమె చీటీ తీసింది. ఈసారి చింపకుండా రాసింది.

“తుప్పు ముఠాను ముప్పై ఏళ్ళుగా ఎరుగుదును. ఈ ఐదుగురెవరో నాకు తెలియదు. నత్త కోసం ఒక్కరూ వెనక్కి రాలేదు.”

డెస్మండ్ రెండుసార్లు చదివాడు. దాన్ని అరలో తగిలించకుండా, తాను సంతకాలు చేయబోయే బల్ల మీద, అందరికీ కనబడేలా నిలబెట్టాడు.

“అక్కడెందుకురా? చదివి ఇటునుంచి ఇటే పోతారు.”

“పోనివ్వండి. ఇక్కడ చీటీ చదివాకే కదా ఎవరైనా కొనేది.”

లొరేన్ తలుపు తీసింది. ముందు మార్వ్ వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదివాడు. వెనకున్నవాళ్ళు మెడలు సాచి చదివారు. ఎవరూ నవ్వలేదు.

“లొరేన్ రాసింది కరెక్టే,” అన్నాడు మార్వ్, తన కాపీ బల్ల మీద పెట్టి. “బుధవారం రాత్రి చదివి, దీన్ని గోడకేసి కొట్టా. మా ఆవిడ్ని అడుగు.”

“సారీ మార్వ్,” అన్నాడు డెస్మండ్.

“సారీ ఎందుకు? ఇన్నేళ్ళూ ఈ ముఠావాళ్ళు ఓడిపోతూనే ఉన్నారు, నేను కొంటూనే ఉన్నా. నువ్వొక్కసారి ఓడిపోయావని మానేస్తానా? సంతకం పెట్టు.”

డెస్మండ్ పెన్ను తీశాడు గాని, తల ఎత్తలేకపోయాడు. మార్వ్ తొందరపెట్టకుండా నిలబడ్డాడు. లొరేన్ వెనక గదిలోకి పోయి, పెట్టెల మధ్య నిలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, బారులో రెండో మనిషిని ముందుకు రమ్మంది.