గాలి నిలిచేదాకా ఆగిన మా బావ

మా అక్క మొగుడు పోయాడని మందమర్రిలో బొగ్గు లారీ క్లీనరు చెబితే నేను నవ్వాను. వాడూ నాలాగే వేళాకోళం మనిషి. ఈసారి మాత్రం వాడు నవ్వలేదు. "అడవి జరమంట. నిన్న పొద్దుగూకంగ పోయిండు. మీ అక్క జల్ది రమ్మన్నది" అన్నాడు. చెన్నూరు చేరేసరికి బావను వాకిట్లో పడుకోబెట్టారు. ఊరందరికీ ఫొటోలు తీసినవాడికి ఆ రోజు ఫొటో తీసే దిక్కు లేదు.

ఆయనది ఒంటిగది స్టూడియో. మా వైపు చాలామందికి బతికుండగా ఫొటో దిగడం కుదరదు. మనిషి పోయాక, పాడె లేచేముందు, కుర్చీలో కూర్చోబెట్టి, ఇంటివాళ్లంతా చుట్టూ నిలబడి ఫొటో కోసం బావను పిలిపించేవారు.

"నీ గిరాకులు మస్తు బుద్ధిమంతులు బావా, కదలనే కదలరు" అని ఏడిపించేవాణ్ని.

"నీ నోరు కదలని దినం నీకూ తీస్త తియ్ బామ్మర్దీ" అనేవాడు.

ఆయన ప్రాణమంతా అడవి మీదే. పెట్టె కెమెరా సైకిలుకు కట్టుకుని ప్రాణహిత ఏటి వైపు పోయేవాడు. చెట్ల కింద వెలుతురు తక్కువ. కెమెరా మూత తీసి చాలాసేపు ఉంచాలి. ఈలోగా ఏది కదిలినా ఫొటోలో అది అలుక్కుపోతుంది. అందుకని గాలి నిలిచేదాకా కూర్చునేవాడు. "మనిషిని మనం కూసోబెడ్తం. అడవి తనంత తానే కూసోవాలె" అనేవాడు. నా నోటిని కాసేపైనా మూయించినవాడు ఆయనొక్కడే. చెట్ల కింద ఊరికే కూర్చోవడం నాకు ఆయన పెట్టిన భిక్ష.

రానురాను ఒక పుకారు పుట్టింది. బావ ఫొటో తీసిన చోటల్లా గొడ్డలి పడుతోందని. గుత్తేదారు మనుషులు నరకబోయే చెట్లకు సుత్తెతో ముద్ర కొట్టిపోయేవారు. అవి కూలేలోపు తీయాలని బావ పరిగెత్తేవాడు. అదెవరి చెవికీ ఎక్కలేదు. ఏటి ఒడ్డున గోండు గూడెం పక్కన టేకు తోపును ఫొటో తీయాలని ఆయనకు ఏళ్లనాటి కోరిక. గూడెం పెద్ద దారిలోనే ఆపేవాడు.

"నీ డబ్బా చూసిన చెట్టు నిలుస్తలేదు. గిటు రాకు."

బావ సైకిలు తిప్పేవాడు.

మొన్న వానలు వెలిశాక ఆ పెద్దే స్టూడియోకు వచ్చాడు. గడప దాటలేదు.

"సుత్తె మా తోపుకూ పడ్డది. పోయినోళ్లకు తీస్తవట గద. అట్లనే మా చెట్లకు తియ్యి. మేం పక్కన నిలవడ్తం."

బావకు అప్పటికే జ్వరం. అక్క అడ్డం పడింది. "నీకు చెట్లెక్కువనా, నేనెక్కువనా?"

"గవి ఇగ ఉండయి గదనే" అన్నాడు. కెమెరా కాళ్లు నేను మోశాను.

తోపులో ప్రతి మానుకూ బెరడు చెక్కి, తెల్లటి గాటు మీద ముద్ర. చెట్టుకొకరుగా, మానుకు చేయి ఆనించి గూడెం జనం నిలబడ్డారు. పిట్ట అరవలేదు. బావ దుప్పటి కప్పుకుని వణుకుతూ కూర్చున్నాడు.

"బావా, నీ వణుకు కెమెరాకు అంటుకుంటది."

"నోరు ముయ్యిరా, గాలి ఇంటది."

చాలాసేపటికి గాలి నిలిచింది. అంత నిశ్శబ్దం నేనెన్నడూ ఎరగను. అడవి చెవి ఒగ్గి దేనికోసమో వింటున్నట్టు ఉంది. బావ లేచి మూత తీశాడు. అప్పుడే బండ్ల బాట మీద గుత్తేదారు లారీల మోత మొదలైంది. ఎవరూ అడుగు కదపలేదు. బావ మూత పెట్టి, నా భుజం పట్టుకుని కూలబడ్డాడు.

ఇంటికొచ్చి కెమెరాలోని గాజు ప్లేటు తనే మందునీళ్లలో కడిగి, ఫొటో వేసి, మంచమెక్కాడు. మళ్లీ లేవలేదు.

దినాలయ్యాక అక్క ఆ ఫొటో నా చేతిలో పెట్టింది. ఆకుల ఈనెలు కూడా తేటగా వచ్చాయి. బావ తీసినవాటిలో అంత నిమ్మళమైన అడవి మరొకటి లేదు. మానుల మీద ఆనిన చేతులు స్పష్టంగా ఉన్నాయి, వేళ్లతో సహా. మోత వినగానే అందరూ అటు తలలు తిప్పినట్టున్నారు. ప్రతి చెట్టు పక్కనా, భుజాల పైన, మొహం ఉండాల్సిన చోట తెల్లటి పొగ ఉంది.