ఆషాఢంలో కారు భోజనాలు

2022 మే నెల. సిడ్నీలోని స్కోఫీల్డ్స్‌లో, ఒక ఇండియన్ కిరాణా కొట్టు మేడ మీద గది నా ఆఫీసు. నేను మైగ్రేషన్ ఏజెంటుని. వీసా అప్లికేషన్లు సిద్ధం చేయడం, ఇమ్మిగ్రేషన్ డిపార్ట్‌మెంటు అడిగినవాటికి జవాబివ్వడం నా పని. నాకు చాలా ఓర్పని ఇక్కడివాళ్లు అనుకుంటారు. నిజానికి కోపం ముక్కు మీదే ఉంటుంది, ఫీజు తీసుకుంటాను కాబట్టి మింగుతాను.

కాళ్ల పారాణి ఇంకా వదలకుండానే వచ్చారు సుహాసిని, కార్తీక్. సుహాసిని కాకినాడ నుంచి అక్క పురిటికి సాయంగా విజిటర్ వీసా మీద వచ్చింది. కార్తీక్ ఇక్కడి సిటిజన్, సుహాసిని బావగారి స్నేహితుడు. పసిపాపని చూడటానికని వచ్చి, పాపని తప్ప అందరినీ చూశాడట. పెద్దవాళ్లు ఒప్పుకుని గుళ్లో పెళ్లి చేశారు.

కొన్ని విజిటర్ వీసాలకి ‘నో ఫర్దర్ స్టే’ అనే షరతు ఉంటుంది. అది ఉంటే ఇక్కడ ఉంటూ ఇంకో వీసా అడగడం దాదాపు కుదరదు. అదృష్టం, ఆ అమ్మాయి వీసాకి అది లేదు. వెంటనే పార్ట్‌నర్ వీసాకి అప్లై చేశాం. నిర్ణయం వచ్చేదాకా ఉండటానికి బ్రిడ్జింగ్ వీసా వచ్చింది. సులువైన కేసు అనుకుని పక్కన పెట్టాను.

మరుసటి ఏడాది డిపార్ట్‌మెంటు నుంచి ప్రశ్న వచ్చింది. పెళ్లయిన కొద్ది వారాలకే భార్య వేరే ఇంటికి మారినట్టు తెలిపారు, మీరు కలిసే ఉంటున్నారా, ఆధారాలు చూపండి అని. వీసా రాకపోతే ఆ పిల్ల దేశం విడిచి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడు ఎన్నాళ్లు దూరంగా ఉండాలో ఎవరూ చెప్పలేరు.

ముగ్గుర్నీ పిలిపించాను. మూడో మనిషి కార్తీక్ వాళ్లమ్మ వరలక్ష్మి గారు, కొడుకు ఇంట్లోనే ఉంటారు.

“మారినట్టు ఎవరు చెప్పారమ్మా?”

“నేనే ఆంటీ, ఆన్‌లైన్‌లో,” అంది సుహాసిని. “అడ్రస్ మారితే చెప్పాలని రూల్ కదా. మొదటి ఆషాఢం కదా అని అక్క దగ్గరికి వెళ్లాను. నెలవగానే వచ్చేశాను, ఆ సంగతి మాత్రం వాళ్లకి చెప్పలేదు.”

“అత్తాకోడళ్లు ఒక్క గడప దాటకూడదు కదండీ! అల్లుడు అత్తారింటి గడపా తొక్కకూడదు,” అన్నారు వరలక్ష్మి గారు. “మీ ఆఫీసర్లకి ఆ మాత్రం తెలియదా?”

తెలియదు. తల పట్టుకున్నాను. “పోనీ, ఆ నెలలో మీరిద్దరూ అసలు కలుసుకోనే లేదా?”

కార్తీక్ చెవులు ఎర్రబడ్డాయి. “డైలీ వెళ్లేవాణ్ణి ఆంటీ. ఇంట్లోకి మాత్రం వెళ్లలేదు. తను క్యారేజీ పట్టుకుని బయటికి వచ్చేది, కార్లోనే డిన్నర్ చేసేవాళ్లం. అమ్మ చెప్పింది గడప గురించే కదా.”

వరలక్ష్మి గారు కొడుకు వైపు తిరిగారు. “ఆఫీసులో లేట్ అని రోజూ ఇంట్లో అన్నం మానేసింది అందుకా!”

ఇక వీసా సంగతి పక్కన పెట్టి ఈ ఇంటి గొడవ తీర్చాలి కాబోలు అనుకున్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, “ఇక్కడ జూలై అంటే చలికాలం కదరా! నాకు చెబితే ఓ దుప్పటైనా ఇచ్చేదాన్ని కదా,” అన్నారు. ఆ మాటకి నాకూ ఏడుపొచ్చింది.

“మిమ్మల్ని ఎవరైనా చూశారా?”

“వాళ్లక్క ఎదురింటి జోన్ చూసింది,” అన్నాడు కార్తీక్. “పోలీసుల్ని పిలవబోయింది కూడా.”

జోన్ రిటైరైన స్కూల్ టీచర్. కబురు పెడితే మర్నాడే వచ్చింది. “రోజూ అదే కారు, అదే కుర్రాడు, లోపలికి రాడు. దొంగేమో అనుకున్నాను,” అని ఇంగ్లీషులో చెప్పింది. “ఓ సాయంత్రం ఆ అమ్మాయి చెప్పులు కూడా వేసుకోకుండా వానలో పరుగెత్తుకొచ్చింది. దొంగ కోసం ఎవరూ అలా పరుగెత్తరు కదా!”

ఆమె సాక్ష్యంతో పాటు ఆషాఢం ఆచారం గురించి వివరంగా రాసి పంపాను. వీసా వచ్చింది.

మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే కదా అని ఎవరూ నోరు విప్పి చెప్పరు. ముందుగా అడగాల్సింది నేనే అని ఈ కేసు నేర్పింది. ఇప్పుడు కొత్త దంపతులు ఎవరొచ్చినా మొదటి ఆషాఢం ఎక్కడ గడుపుతారని అడిగాకే ఫైలు తెరుస్తాను.

వీసా వచ్చిన ఆదివారం సుహాసిని అక్క ఇంట్లో భోజనాలు. జోన్ కూడా వచ్చింది. వడ్డించేసరికి సుహాసిని, కార్తీక్ కనిపించలేదు. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ కంచాలు పట్టుకుని కార్లో కూర్చుని ఉన్నారు.

పిలవబోతుంటే వరలక్ష్మి గారు నన్ను ఆపారు. లోపలికి వెళ్లి ఓ దుప్పటి తెచ్చి, కారు దగ్గరికి నడిచి, అద్దం మీద మెల్లగా తట్టారు.