పదిహేనో కీర్తన

యెరూషలేము గుడికి వెళ్తూ యూదులు పాడుకున్న పదిహేను యాత్ర కీర్తనల్నీ, దివిసీమ నుంచి బందరు చర్చి పండగలకు నడిచేటప్పుడు మావాళ్లు దారంతా పాడేవారు. పదిహేనోది మాత్రం చేరాక, చర్చి మెట్ల మీదే పాడాలి.

జ్వరం ముదిరిన అమ్మను మంచం మీద మోసుకుంటూ బందరు ఆసుపత్రికి బయల్దేరిన రోజు, నాయనమ్మ భయంతో గబగబా పాడేసింది. అమ్మ పెదాలు పాటతోపాటే కదిలాయి. రేవు చేరేసరికే పద్నాలుగూ అయిపోయాయి. పడవ అవతలి ఒడ్డున ఉంది.

"ఆపకమ్మా! పాట వింటేనే అది తెలివిలో ఉంటోంది," అన్నాడు నాన్న.

"మళ్లీ మొదటిది ఎత్తుకుంటే వెనక్కి తిరిగినట్టేరా. మిగిలింది మెట్ల మీద పాడేది," అంది నాయనమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లు వాదించుకుంటుండగానే అమ్మ పెదాలు, వాటితోపాటే ఊపిరీ ఆగిపోయాయి.

అప్పుడు ఎత్తుకుంది నాయనమ్మ, పదిహేనోది.