వాన గంజి

నేను కవితలు రాస్తానని మా ఊళ్లో అందరికీ తెలుసు. చదివినవాళ్లు మాత్రం లేరు. తమిళనాట కోవిల్‌పట్టి చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు ఇంట్లో మాట్లాడుకునేదే గానీ చదువుకునేది కాదు. నేనూ చాలా ఏళ్లు మా ఇంటి తెలుగును తమిళ అక్షరాల్లోనే రాసుకున్నాను. ఈ తెలుగు లిపి నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నది. చదివే దిక్కు లేక, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు నింపుతూ, పక్కన కూర్చునే అక్కకు వినిపించేదాన్ని. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. 'ఊఁ' అంటే బాగుందని, పని ఆపితే చాలా బాగుందని నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఆమెదీ మా ఊరే. కూలి చేసుకునేవాళ్లుండే తూర్పు వీధి. వాళ్లింట్లోనూ తెలుగే, మా ఇంటి తెలుగు కంటే చక్కనిది.

నా మొదటి పుస్తకం విరుదునగర్‌లో ఒక ప్రెస్సుకు వెళ్లింది. అందులో నా ప్రాణమంతా పెట్టుకున్న కవిత వాన గంజి మీద రాసింది. మా నల్లరేగడిలో వాన మొహం చాటేస్తే, ఆడవాళ్లు కుండ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి గంజి అడుగుతారు. అందరిదీ ఒకటిగా కలిపి, వానను తలచుకుని ఏడుస్తూ పాడి, తలా కాస్త తాగుతారు. చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని నేనూ తిరిగాను. 'ఊరంతా ఒకే కుండ' అని రాసి, నాకు నేనే మురిసిపోయాను.

అది విని అక్క పుల్లలు నింపడం ఆపింది. నేను పొంగిపోయాను.

"ఊరంతా అంటివే పాపా, మా వీదికి ఎప్పుడు వచ్చిరి మీరు?" అంది. "మా ఇంటి కంజి ఆ కుండలో ఒక్కనాడూ పడలే."

నాకు ఒళ్లు మండింది. కవిత్వం గురించి ఈమెకేం తెలుసని గొణుక్కుంటూ నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఐదో రోజు ఉండబట్టలేక అమ్మను అడిగాను.

"వాండ్లకు మనం పోస్తా ఉంటిమి. వాండ్ల కాడ తీసుకొనే వళక్కం లే," అంది అమ్మ, చింతకాయలు ఒలుస్తూనే.

ఊరి ఆనవాయితీ అన్నట్టు అంత మామూలుగా చెప్పేసరికి సిగ్గేసింది. నేను రాసింది అబద్ధం. అదీ కమ్మగా రాశాను.

మర్నాడు సెలవు పెట్టి విరుదునగర్ బస్సెక్కాను. అంతా సిద్ధమయ్యాక ఇదేం పేచీ అని ప్రెస్సాయన తల పట్టుకున్నాడు. కవిత తీసేస్తే ఆ పేజీ ఖాళీగా పోతుందన్నాడు. రెండు రోజులు గడువు అడిగి వచ్చాను.

"వాన కంజి పొద్దు మీరేం చేస్తిరి అక్కా?" అని అడిగాను ఫ్యాక్టరీలో.

ఆమె ఒక పెట్టె నింపి, ఇంకొకటి అందుకుంది.

"మాకూ వాన కావాల గదా. మేమూ ఒక కుండ పెట్టుకొంటిమి. మీ పాట ఆ పక్క వినపడతా ఉండె. మేం ఈ పక్క పాడతా ఉంటిమి."

తిరగరాశాను. ఊరికి రెండు కుండలు, ఒకదాన్నొకటి వినే రెండు పాటలు. తూర్పు వీధి కుండలో పలచని గంజి, దానిలో కన్నీటి ఉప్పు. ఆమె ఒప్పుకోకపోతే పేజీ ఖాళీగానే పోనీ అనుకుని, మధ్యాహ్నం అన్నం వేళ చదివి వినిపించాను. 

"ఇప్పుడు సరిగా ఉండాది," అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె మాట ఇంకా అయిపోలేదు. "మా కంజి పల్చన అని ఎవురు చెప్పిరి నీకు? తాగినావా?"

తాగలేదన్నాను.

"తాగి రాయి. ఆదివారం రా."

ప్రెస్సాయనకు ఫోన్ చేసి సోమవారం దాకా ఆగమన్నాను. ఆయన నన్ను తిట్టుకునే ఉంటాడు. ఆదివారం, బుద్ధెరిగాక మొదటిసారి, తూర్పు వీధిలో ఒక ఇంటి గడప దాటి లోపల కూర్చున్నాను. అక్క చెంబు నిండా పోసి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడింది. గంజి చిక్కగా ఉంది.

"ఇంకొంచెం పొయ్యి అక్కా," అన్నాను.