తెల్ల డాబా మీది ఎండ

ఆ వేసవిలో ఒకరోజు డాబా మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టి కిందికి దిగాక మొహం భగ్గున మండింది. అద్దంలో చూస్తే ముక్కూ బుగ్గలూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. భవానీపురం ఎండ సంగతి తెలిసిందేగా అని కొబ్బరినూనె రాసుకుని ఊరుకున్నాను. ఆ తర్వాత వేళ్ళ కీళ్ళు వాచాయి, జ్వరం వదల్లేదు.

బెంజ్ సర్కిల్ దగ్గరి ఆసుపత్రిలో ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. "ఇది లూపస్ అమ్మా. మీ ఒంట్లోని రక్షణశక్తే మీ మీద తిరగబడుతోంది. ఎండ తగిలితే ఇంకా రేగుతుంది," అన్నారు డాక్టరుగారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు, ఒంటికి పూసుకోను సన్‌స్క్రీన్ రాశారు. కొల్లేటి ఒడ్డున చేపలు ఎండబెడుతూ పెరిగినదాన్ని. నాకు ఎండ పడదంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

మందులతో తగ్గింది. మళ్ళీ వడియాల కాలం వచ్చింది. చిన్నప్పుడు చేపల దగ్గర కాకుల్ని తోలిన అలవాటు ఎక్కడికి పోతుంది? వాటర్ ట్యాంకు నీడలో, గొడుగు కూడా వేసుకుని కాపలా కూర్చున్నాను. అయినా గడ్డం కింద, మెడ మీద దద్దుర్లు లేచాయి.

"నీడలోనే కూర్చున్నానండీ," అని ఆసుపత్రికి వెళ్ళి వాదించాను.

"డాబాకి తెల్ల పెయింట్ వేయించారా?" అన్నారు డాక్టరుగారు. ఇల్లు చల్లగా ఉంటుందని ఆ ఏడే వేయించాం. "ఆ తెలుపు మీద పడ్డ ఎండ కింది నుంచి కొట్టిందమ్మా."

నీడను కూడా నమ్మలేకపోతే ఎలా బతకాలి? భయమేసి పరదాలు వేసుకుని గదిలోనే ఉండిపోయాను. సందులోంచి పడిన వెలుగు గోడ మీద మెల్లగా జరిగేది. కళ్ళు మూస్తే కొల్లేరు, పడవ, ఎండుచేపల వాసన. కలో మెలకువో తెలిసేది కాదు. కీళ్ళు బిగుసుకున్నాయి, విటమిన్ డి పడిపోయింది, ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"చీకట్లో మగ్గిపోతే ఎట్టాగే అమ్మాయ్? బైటికి ఎప్పుడు రావచ్చో ఆ డాక్టరుగారినే అడుగు," అన్నారు మా అత్తగారు.

అడిగాను. "పొద్దు పొడవకముందు, పొద్దు గుంకాక హాయిగా తిరగండి. విటమిన్ డికి మాత్రలున్నాయి, నడకకు లేవు," అన్నారాయన.

లూపస్ పోలేదు, మందులూ ఆగలేదు. కానీ తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున నడుస్తున్నాను. నాలాంటివాళ్ళకు ఒక్క మాట. బయటికి వెళ్ళొచ్చా అని మాత్రమే అడిగి రాకండి. ఏ వేళ, ఎంతసేపు, ఎలాంటి చోట అని విడమరిచి అడగండి.

పగలు కాకుల్ని తోలే పని ఇప్పుడు అత్తగారిది. పొద్దు గుంకాక వడియాల బట్ట దించేది నేను. అప్పటికీ అది వెచ్చగానే ఉంటుంది. దాని అంచు మీద రెండు అరచేతులూ కాసేపు ఆనించి ఉంచుతాను. ఆ రోజుకు నా వంతు ఎండ అదే.