హస్కీని ప్రెసిడెంటు అని పిలిచిన పెద్దమ్మ

"బి బ్లాక్ ఊరామె పోయారు, ఓం శాంతి." మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అసోసియేషన్ ప్రెసిడెంటు గారు పెట్టిన మెసేజ్ ఇది. చూడగానే ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. చచ్చాక కూడా ఊరామేనా?

ఆమె మా పక్క ఫ్లాటు పెద్దమ్మ. ఈ టవర్లు లేచింది వాళ్ల జొన్నచేలోనే. భూమి ఇచ్చినందుకు వాటాగా వచ్చిన ఫ్లాటులో ఉండేది. కొనుక్కుని వచ్చిన మేమంతా ఓనర్లం, ఆమె మాత్రం ఊరామె. ఆ పేరు పెట్టింది ప్రెసిడెంటు గారే. నాకు జ్వరమొస్తే అంబలి కాచి తెచ్చి, తాగేదాకా మంచం పక్కనుంచి కదిలేది కాదు. ఆ రుణం తీరేది కాదు.

పై అంతస్తు సాఫ్ట్‌వేర్ జంట, రెండ్రోజులు చూడమని తమ హస్కీ కుక్కను ఆమెకు అప్పగించి బెంగళూరు చెక్కేశారు. మళ్లీ రాలేదు. వాళ్లనూ నేను మరచిపోలేదు.

ఓ సాయంత్రం ఎండకు రొప్పుతున్న కుక్క మీద తడిగుడ్డ కప్పుతూ "హస్కీ అంటే ఏంది బిడ్డా?" అని అడిగింది. ఫోన్లో వెతికి చెప్పాను. మంచుదేశపు మనుషులను బయటివాళ్లు ఎస్కిమోలన్నారు. ఓడవాళ్ల నోళ్లలో ఆ మాటే నలిగి హస్కీ అయింది. మొదట ఆ మనుషులను అలా పిలిచారు, తర్వాత వాళ్ల బండ్లు లాగే కుక్కలను.

"వాళ్ల పేరేందని వాళ్లనే అడగొచ్చు గద?"

"ఎవరడిగారు పెద్దమ్మా? వాళ్లు తమను ఇన్యూట్ అనుకుంటారు. మనుషులని అర్థం."

గుడ్డను మళ్లీ తడిపి కుక్క మీద పరిచింది. "పేరు పెట్టుడు గంత అల్కటి పనా? ఇగ నేను గూడ పెడ్త" అంది.

మర్నాటి నుంచి ఆ కుక్క ప్రెసిడెంటు. వాకింగ్ ట్రాక్ మీద అందరూ ఉండగా "ప్రెసిడెంటూ! గోడకు కాలెత్తకు, జర ఇజ్జత్ ఉండాలె!" అని కేకేసేది. అసలు ప్రెసిడెంటు గారు ఆమె గుమ్మం దాకా వచ్చి అరిచారు.

"నువ్వు నాకు పెట్టినవ్, నేను దీనికి పెట్టిన. చెల్లుకు చెల్లు" అని తలుపేసుకుంది. ఆ రోజు మేమిద్దరం కడుపులు పట్టుకుని నవ్వాం. కుక్క ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. పేరు మార్చలేదు.

నిన్న క్లబ్‌హౌస్‌లో సంతాపసభ. ప్రెసిడెంటు గారు మైకు పట్టుకుని "మన ఊరామె ఎంతో మంచి..." అని మొదలెట్టారు. లేచి నిలబడ్డాను.

"ఆమె పేరు చెప్పి మాట్లాడండి సార్."

ఆయన సెక్రటరీ వైపు చూశారు. సెక్రటరీ మేనేజరు వైపు చూశాడు. చివరికి అందరూ నా వైపు తిరిగారు. నాకు తెలుసు. పెద్దమ్మకు వాళ్ల నాయనమ్మ పేరే పెట్టారట, మురిసిపోతూ చెప్పేది. బతికుండగా ఆమెనే అడగాల్సింది. చెప్పకుండా కూర్చున్నాను.

దండ వేసిన ఫోటో పక్కన, మైకు చేతిలో పెట్టుకుని, ఆయన నోరు తెరుచుకుని అలాగే నిలబడి ఉన్నారు.