కోటు వేసుకున్నాకే బటన్

2025 ఎండాకాలంలో, నా రిటైర్మెంటుకు కొద్ది నెలల ముందు, నాచారంలోని మా మందుల ఫ్యాక్టరీ నాకు ఒక విచారణ అప్పగించింది. అప్పుడు నేను క్వాలిటీ విభాగంలో డాక్యుమెంటేషన్ మేనేజర్‌ని. ఫ్యాక్టరీలో ఏ పని ఎవరు, ఏ వరసలో చేయాలో చెప్పే కాగితాన్ని ఎస్‌ఓపీ అంటారు. ఉద్యోగమంతా అవి రాశాను, ఇతరులు రాసినవి దిద్దాను. నా ఎర్రసిరా చూస్తే జూనియర్లకు జ్వరం వచ్చేదని తెలుసు. అందుకు నేనెప్పుడూ బాధపడలేదు.

ఇంజెక్షన్ సీసాలు నిల్వ చేసే కోల్డ్ రూమ్‌లో వేడి పెరిగితే, తలుపు పక్కనున్న ప్యానెల్‌లో అలారం మోగుతుంది. అలారం విన్నామని తెలిపే ‘అక్నాలెడ్జ్’ బటన్ నొక్కితే ఆగుతుంది. ఆ వేసవిలోనే ఈ ప్యానెళ్లను కనిపెట్టి ఉండే పనిని ఒక ఏఐ ఏజెంటుకు అప్పగించారు. ఏజెంటంటే మనిషి కాదు, తనకిచ్చిన సాఫ్ట్‌వేర్ పనిముట్లలో ఏది ఎప్పుడు వాడాలో తానే నిర్ణయించుకునే ప్రోగ్రామ్. ఆ పనిముట్లను టూల్స్ అంటారు. ప్రతి టూల్‌కీ ఒక వివరణ రాసి ఉంటుంది. ఏజెంటుకు అదే ఎస్‌ఓపీ.

ఒక ఆదివారం మధ్యాహ్నం కంప్రెసర్ ఆగిపోయింది. అలారం మోగింది. ఏజెంటు వెంటనే ఆ బటన్ పని చేసే అక్నాలెడ్జ్ టూల్ వాడి దాన్ని ఆపింది. ఎవరూ లోపలికి వెళ్లలేదు. షిఫ్టు మారేసరికి గదిలోని సరుకంతా పనికిరాకుండా పోయింది. రోగులకు చేరాల్సిన మందును కాల్చేయడానికి పంపారు. నియమం ప్రకారం క్వాలిటీ తరఫున సాక్షిగా నేనే దగ్గర నిలబడ్డాను. అంత బాధ నాకు ఉద్యోగంలో మరెప్పుడూ కలగలేదు.

ఇలాంటివి జరిగినప్పుడు డీవియేషన్ రిపోర్టు రాయాలి. అందులో ‘మూల కారణం’ అనే చోట ఏం రాస్తామో దాన్నిబట్టే శిక్ష ఎవరికో తేలుతుంది. అక్కడ ఆపరేటర్ నిర్లక్ష్యం అని రాయమని ప్లాంట్ హెడ్ నాతో మర్యాదగానే చెప్పారు. ఆ షిఫ్టు ఆపరేటరు యాదగిరి. అప్పటికే సస్పెన్షన్‌లో ఉన్నాడు. నేను ఆ మాట రాసి సంతకం పెడితే అతని ఉద్యోగం పోతుంది.

యాదగిరి మల్లాపూర్ నుంచి బైకు మీద వచ్చేవాడు, తరచూ ఆలస్యంగానే. ఎవరితోనూ పడేది కాదు. ఫైల్లో మెమోలు కూడా ఉన్నాయి. నా ఎస్‌ఓపీలను పురాణం అని వెక్కిరించేవాడు. అందుకే అతని తరఫున ఎవరూ నోరు విప్పలేదు. నిజం చెప్పాలంటే నాకూ అతనంటే పెద్ద అభిమానం లేదు. కానీ మనిషిని అడగకుండా కారణం రాసే అలవాటు కూడా లేదు. సస్పెన్షన్‌లో ఉన్నవాణ్ణి లోపలికి రానివ్వరు కాబట్టి గేటు దగ్గరికి రమ్మన్నాను. ఎండలో హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“లోడింగ్ డాక్‌ల ఉన్న మేడం. మోగుడు ఇనపడ్డది. ఉరుకుదామనేలోపే బంద్ అయింది. ఎవరో కోటేసుకున్నరు అనుకున్న” అన్నాడు. హెల్మెట్‌ను ఇంకో చేతిలోకి మార్చుకుని, “పిల్లలకు ఇంకా చెప్పలే, డ్యూటీకి పోతున్న అనే చెప్పి ఇంట్ల నుంచి ఎల్తున్న” అన్నాడు.

కోటు సంగతి మా ప్లాంటులో తెలియనివాళ్లు లేరు. కోల్డ్ రూమ్ తలుపు పక్కన మేకుకి ఒక మందపాటి కోటు వేలాడుతుంటుంది. అలారం మోగితే లోపలికి వెళ్లేవాడు ముందు ఆ కోటు వేసుకుంటాడు, తర్వాతే బటన్ నొక్కుతాడు. కోటు వేసుకోకుండా బటన్ ముట్టుకున్న కొత్తవాళ్లు తిట్లు తినేవారు. కాబట్టి మా దగ్గర అలారం ఆగిందంటే ఎవరో లోపలికి వెళ్లారన్నమాటే. ఇది ఏ ఎస్‌ఓపీలోనూ లేదు. అందరూ చేసే పనిని రాయాలని ఎవరికీ తోచలేదు.

అక్కడి నుంచి ఉప్పల్ వెళ్లాను. ఏజెంటును మాకు అమర్చిపెట్టిన చిన్న కంపెనీ అక్కడ ఉంది. శ్రావణి అనే ఇంజనీరు అక్నాలెడ్జ్ టూల్ వివరణ తెరిచి చూపించింది: “అలారం మోగినప్పుడు వాడాలి. అలారం ఆగుతుంది.” ప్యానెల్ తయారీదారు పుస్తకంలోంచి తీసుకున్న మాటలవి.

“ఇందులో తప్పేం లేదు కదా మేడం” అంది.

తప్పు లేదనే చెప్పాను. ఏజెంటు అందులో రాసింది రాసినట్టు చేసింది. తర్వాత కోటు గురించి చెప్పాను. ఆ అమ్మాయి వివరణను మళ్లీ మొదటి నుంచి చదివింది. ఆ మాట తనకెవరూ చెప్పలేదంది. నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు, అది ఎప్పుడూ రాయని మా మీద.

మూల కారణం అన్నచోట ‘టూల్ వివరణ అసంపూర్ణం’ అని రాశాను. ప్లాంట్ హెడ్‌కు నచ్చలేదు. రిటైరయ్యే ముందు మీకెందుకీ తలనొప్పి అన్నారు. మనిషి మీద రాస్తే ఒక్కడితో పోతుందని, వివరణ మీద రాస్తే ఆడిటర్లు అన్ని టూల్సూ తవ్వుతారని అన్నారు. తవ్వాల్సిందే అన్నాను. వేరే మాటకు సంతకం పెట్టనని కూడా చెప్పాను. చివరికి వివరణ మార్చి పరీక్ష పెట్టడానికి ఒప్పుకున్నారు.

శ్రావణీ నేనూ కూర్చుని వివరణ ఇలా తిరగరాశాం: ఈ టూల్ శబ్దాన్ని మాత్రమే ఆపుతుంది, వేడిని తగ్గించదు. లోపలికి వెళ్లే మనిషి ప్యానెల్ దగ్గర తన పేరు నమోదు చేశాకే వాడాలి. అంతవరకు ఎవరు ఆపమన్నా ఆపకూడదు. ముందు షిఫ్టు ఆపరేటర్‌కు ఫోన్ చేయాలి, ఎత్తకపోతే ఆ తర్వాతివారికి. అలారం మోగుతూ ఉండటం లోపం కాదు.

ఖాళీ గదిలో కంప్రెసర్ ఆపి చూశాం. పాత వివరణతో అలారం ఇలా మోగి అలా ఆగిపోయింది. కొత్త వివరణ ఇచ్చి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి అలారం చెవులు చిల్లులుపడేలా మోగుతూనే ఉంది. ప్లాంట్ హెడ్ చెవులు మూసుకుని, ఆపమని చెప్పమ్మా అని శ్రావణితో అన్నారు. ఆమె ఆ మాటే టైపు చేసింది. లోపలికి ఎవరూ వెళ్లలేదనీ, ఆపరేటర్‌కు ఫోన్ చేశాననీ, అతను వస్తున్నాడనీ స్క్రీన్ మీద జవాబు వచ్చింది. అవతలి బ్లాకు నుంచి ఆ రోజు షిఫ్టు ఆపరేటరు పరుగున వచ్చి, కోటు వేసుకుని, పేరు నమోదు చేసి లోపలికి వెళ్లాడు. అప్పుడు అలారం ఆగింది.

ప్లాంట్ హెడ్ చెవుల మీది చేతులు దించారు. తర్వాత రిపోర్టు ఇటివ్వండి, సంతకం పెడతాను అని పెన్ను తీశారు.

యాదగిరిని తిరిగి పనిలోకి తీసుకున్నారు. మొదటిరోజే ఆలస్యంగా వచ్చాడు. నా గది గుమ్మంలో ఆగి, “కోటు ముచ్చట గూడ రిపోర్టుల రాసిన్రట గదా మేడం. గదంతా రాయాల్నా?” అన్నాడు. రాయాలన్నాను. మిగతా టూల్స్ కోసం, ఆపరేటర్లకు తెలిసి ఎక్కడా రాయనివి ఇంకా ఏమున్నాయో చెప్పమని కుర్చీ చూపించాను. ముందు కాస్త గొణిగి, తర్వాత కూర్చున్నాడు.

ఈ విచారణ నాకు నేర్పింది ఒకటే. మనుషుల కోసం రాసినప్పుడు మనం వదిలేసినదాన్ని పక్కనున్న మనిషి తిట్టో చెప్పో నేర్పేస్తాడు. ఏజెంటుకు పక్కన ఎవరూ ఉండరు. అందుకే టూల్ ఏం చేస్తుందో రాశాక పని అయిపోయిందనుకోకూడదు. అది ఏం చేయదో, దాన్ని ముట్టుకునే ముందు ఎవరు ఎక్కడికి బయలుదేరి ఉండాలో కూడా రాయాలి. రాయకపోతే ఆ లోటు ఎవరో ఒక యాదగిరి పేరు మీద నమోదవుతుంది.